గుర్రం నుంచి కుక్కకు: శునక ఇన్‌ఫ్లూయెంజా చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఒక వైరస్ కొత్త జీవజాతికి 'సోకడానికి', ఆ జాతిలో 'స్థిరపడటానికి' ఉన్న భేదాన్ని వివరించగలుగుతారు.
• హెచ్3ఎన్8, హెచ్3ఎన్2 శునక ఇన్‌ఫ్లూయెంజాలు ఎప్పుడు, ఎక్కడ, ఎలాంటి పరిస్థితుల్లో బయటపడ్డాయో చెప్పగలుగుతారు.
• వ్యాధుల చరిత్ర రాయడానికి వాడే ఆధారాలను, వాటి పరిమితులను గుర్తించగలుగుతారు.
• వ్యాధి వ్యాప్తిలో మానవ సంస్థలకు, వ్యాపారానికి, రవాణాకు ఉన్న పాత్రను చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

చరిత్ర పాఠంలో కుక్కల దగ్గు, జలుబుల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. అలా అనిపించడం సహజమే. అయితే 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిని ఒకసారి గుర్తు చేసుకోండి. సైనిక శిబిరాలు, యుద్ధ నౌకలు, ఓడరేవులు, రైళ్లు లేకుండా ఆ మహమ్మారి కథ చెప్పలేం. వ్యాధికి కారణం సూక్ష్మజీవి. అది ఎంత దూరం వెళ్లింది, ఎంత కాలం నిలిచింది అన్నది మాత్రం మనుషులు వేసిన దారుల మీద ఆధారపడి ఉంటుంది.

1918 నాటి కథ చాలా పెద్దది. దాని మొదలు ఎక్కడో నేటికీ వాదోపవాదాలు ఉన్నాయి. శునక ఇన్‌ఫ్లూయెంజా కథ చిన్నది, స్పష్టమైనది. ఒక వైరస్ కొత్త జీవజాతిలో అడుగుపెట్టడం, నిలదొక్కుకోవడం, చివరికి కనుమరుగవడం ఇరవై ఏళ్ల లోపే, శాస్త్రజ్ఞుల కళ్ల ముందే జరిగాయి. చరిత్ర విద్యార్థికి ఇంత మంచి ఉదాహరణ అరుదుగా దొరుకుతుంది.

1.2 అవసరమైనంత శాస్త్రం

ఈ భాగాన్ని అర్థం చేసుకోవడానికి మూడు విషయాలు తెలిస్తే చాలు.

మొదటిది, ఇన్‌ఫ్లూయెంజా-ఎ వైరస్‌లకు సహజమైన నివాసం అడవి నీటిపక్షులు, ముఖ్యంగా బాతుజాతి పక్షులు. వాటిలో ఈ వైరస్‌లు చాలావరకు పెద్ద జబ్బు చేయకుండానే ఉంటాయి. అక్కడి నుంచి కోళ్లకు, పందులకు, గుర్రాలకు, మనుషులకు అప్పుడప్పుడు చేరుతుంటాయి.

రెండోది, వైరస్ పైపొరలో ఉండే రెండు ప్రోటీన్లను బట్టి దానికి పేరు పెడతారు. వాటికి 'హెచ్', 'ఎన్' అనే అక్షరాలు గుర్తులు. హెచ్3ఎన్8, హెచ్5ఎన్1 వంటి పేర్లు అలా వచ్చినవే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబం కానట్టే, ఒకే పేరున్న వైరస్‌లన్నీ ఒకే వంశానివి కావు. 1968లో హాంకాంగ్ ఫ్లూ పేరుతో మనుషుల్లో వ్యాపించిన హెచ్3ఎన్2 వేరు, తరవాత ఆసియాలో కుక్కలకు పక్షుల నుంచి వచ్చిన హెచ్3ఎన్2 వేరు.

మూడోది, ఈ వైరస్ జన్యు పదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే జంతువు కణంలో కలిస్తే ఆ ముక్కలు తారుమారై కొత్త వైరస్ పుట్టవచ్చు. అందువల్ల ఏ జంతువులో ఏ వైరస్ ఉందన్నది పశువైద్యులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

1.3 పూర్వరంగం

గుర్రాలకు ఫ్లూ కొత్త కాదు. 1872 శరదృతువులో కెనడాలోని టొరంటో ప్రాంతంలో మొదలైన గుర్రాల జ్వరం రైలు మార్గాల వెంట ఉత్తర అమెరికా అంతటా పాకింది. చనిపోయిన గుర్రాలు తక్కువే. కాని బండ్లు లాగే గుర్రాలన్నీ ఒకేసారి పడకేయడంతో నగరాల్లో సరుకుల రవాణా స్తంభించింది. ఆ నవంబరులో బోస్టన్ నగరం తగలబడినప్పుడు అగ్నిమాపక యంత్రాలను మనుషులే లాక్కుపోవలసి వచ్చింది.

ఆనాడు వైరస్ అంటే ఏమిటో తెలియదు. మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా వేరుచేశారు. ఆ విజయం వెనక కుక్కలు ఉన్నాయన్నది చాలామందికి తెలియదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధికి టీకా కనుక్కోవడం కోసం 1920లలో లెయిడ్‌లా బృందం ఫెర్రెట్లను వాడింది. ఫెర్రెట్ చూడటానికి ముంగిసలా ఉండే చిన్న జంతువు. ఆ పరిశోధనకు వేటకుక్కల యజమానులు, ఒక పత్రిక పాఠకులు చందాలు పోగుచేశారు. ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీటిని ఆ ఫెర్రెట్ల మీదే ప్రయోగించినప్పుడు మానవ వైరస్ దొరికింది. 1936లో జబ్బుపడిన ఫెర్రెట్ ఒకటి తుమ్మగా, పరిశోధకుడు ఛార్లెస్ స్టూవర్ట్-హారిస్‌కు ఫ్లూ సోకింది. ఒక జీవజాతి నుంచి మరొక దానికి ఫ్లూ దాటగలదని ప్రయోగశాలలోనే రుజువైంది.

గుర్రాల ఫ్లూ వైరస్‌లలో మొదటిదైన హెచ్7ఎన్7ను 1956లో ప్రాగ్‌లో గుర్తించారు. రెండోదైన హెచ్3ఎన్8 1963లో అమెరికాలోని మయామిలో బయటపడింది. మన కథలో ముఖ్యపాత్ర ఈ రెండోదే. అప్పటినుంచి అది ప్రపంచంలోని గుర్రాల్లో తిరుగుతూనే ఉంది. గుర్రపుశాలల్లో కుక్కలు తిరగడం ఎక్కడైనా మామూలే. అయినా సుమారు నలభై ఏళ్లపాటు కుక్కల ఫ్లూ అనే వ్యాధి పశువైద్య గ్రంథాలకు ఎక్కలేదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. మన అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

1.4 ఫ్లోరిడా, 2004

'గ్రేహౌండ్స్' అనగానే మనకు పోలీసు బలగం గుర్తుకు వస్తుంది. ఆ బలగానికి పేరిచ్చిన జంతువు పొడుగు కాళ్లు, సన్నని నడుము గల పరుగు కుక్క. అమెరికాలో గ్రేహౌండ్ల పందేలు ఒకప్పుడు పెద్ద వ్యాపారం. ఫ్లోరిడా రాష్ట్రం 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఈ పందేల మీద జూదాన్ని చట్టబద్ధం చేసింది. పందెపు కుక్కలు రోజులో ఎక్కువ సమయం వరసగా పేర్చిన బోనుల్లో గడిపేవి. ఒక ట్రాక్ నుంచి మరొక ట్రాక్‌కు, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి బండ్లలో ప్రయాణం చేసేవి.

2004 జనవరిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ పందెపు ట్రాక్‌లో 22 గ్రేహౌండ్లకు జ్వరం, దగ్గు వచ్చాయి. వాటిలో 8 చనిపోయాయి. చనిపోయిన కుక్కల ఊపిరితిత్తుల్లో తీవ్రమైన రక్తస్రావం కనిపించింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పశువైద్యురాలు సిండా క్రాఫర్డ్ మామూలు కారణాలన్నిటినీ వెతికారు, ఏదీ సరిపోలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డుబోవి ప్రయోగశాలకు పంపిన నమూనాల్లో ఒకదాని నుంచి ఎవరూ ఊహించని ఇన్‌ఫ్లూయెంజా వైరస్ బయటపడింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం దాని జన్యుక్రమాన్ని చదివింది. ఎనిమిది ముక్కలూ గుర్రాల హెచ్3ఎన్8వే. అంటే ఏ కలయికా జరగలేదు. గుర్రపు వైరస్ యథాతథంగా కుక్కలోకి వచ్చి, కొద్దిపాటి మార్పులతో అక్కడే ఉండిపోయింది.

2004 జూన్, ఆగస్టు మధ్య 6 రాష్ట్రాల్లోని 14 ట్రాక్‌లలో, 2005 జనవరి, మే మధ్య 11 రాష్ట్రాల్లోని 20 ట్రాక్‌లలో కుక్కలకు ఇలాంటి శ్వాసవ్యాధి వచ్చింది. ఆ తరవాత అది పెంపుడు కుక్కలకు, అనాథ కుక్కల సంరక్షణ కేంద్రాలకు చేరింది. 2005లో ఈ పరిశోధన 'సైన్స్' పత్రికలో వెలువడింది.

1.5 ఆధారాల ప్రశ్న

శునక ఇన్‌ఫ్లూయెంజా 2004లో పుట్టిందని చాలాచోట్ల చదువుతారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 2004 అన్నది వైరస్ దొరికిన సంవత్సరం. అది వచ్చిన సంవత్సరం అదే కావాలని లేదు.

ఫ్లూ సోకిన జంతువు రక్తంలో ప్రతిరక్షకాలు తయారై, జబ్బు తగ్గాక కూడా కొంతకాలం ఉంటాయి. వేరే అవసరాల కోసం సేకరించి, శీతలయంత్రాల్లో దాచిన పాత గ్రేహౌండ్ల రక్తరసిని పరిశోధకులు తిరిగి పరీక్షించారు. 1999 నాటి నమూనాల్లోనే ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే ఎవరి దృష్టికీ రాకుండా కనీసం ఐదేళ్లు ఆ వైరస్ పందెపు కుక్కల్లో తిరిగింది. వాటి దగ్గును 'కెన్నెల్ కాఫ్' అనే మామూలు దగ్గుగా జమకట్టి ఉంటారు.

శాసనాలు, తాళపత్రాలు, కైఫీయతులు మనకు ఎలాంటివో వ్యాధి చరిత్రకారుడికి దాచిన రక్తరసి అలాంటిది. దానికీ అవే పరిమితులు ఉన్నాయి. ఎవరు దాచారో, ఎక్కడ దాచారో అక్కడి సంగతే తెలుస్తుంది. దాచనిచోట ఏం జరిగిందో ఆ ఆధారం చెప్పదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. జాక్సన్‌విల్‌లో దొరికిన వైరస్ గుర్రాలదేనని ఎలా తేలింది?
2. 'దొరికిన సంవత్సరం', 'వచ్చిన సంవత్సరం' అన్న భేదాన్ని మీ మాటల్లో రాయండి.

1.6 మూడు చోట్ల సోకింది, ఒక్క చోటే స్థిరపడింది

గుర్రాల హెచ్3ఎన్8 కుక్కలకు సోకింది ఫ్లోరిడాలో మాత్రమే కాదు. 2002లో ఇంగ్లండులో ఒక వేటకుక్కల గుంపు శ్వాసవ్యాధితో పడిపోయింది. దాచిన నమూనాలను తరవాత పరీక్షిస్తే గుర్రాల వైరస్ జాడ తెలిసింది. అక్కడ వేటకుక్కలకు చనిపోయిన గుర్రాల మాంసం పెట్టే అలవాటు ఉంది. 2007 ఆగస్టులో, అంతవరకు గుర్రాల ఫ్లూ ఎరుగని ఆస్ట్రేలియాలో ఆ వ్యాధి చెలరేగింది. జబ్బు గుర్రాల దగ్గర మసలిన కుక్కలకూ సోకింది.

ఈ రెండు చోట్లా కుక్క నుంచి కుక్కకు గొలుసు సాగలేదు. గుర్రం నుంచి వచ్చింది, కుక్క దగ్గర ఆగిపోయింది. ఒక్క అమెరికాలోనే గొలుసు నిలిచింది. ఎందుకు?

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇలాంటి ప్రశ్నకు విద్యార్థులు ఎక్కువగా రాసే జవాబు ఒకటే: 'వైరస్‌లో మార్పు వచ్చింది కాబట్టి'. అది తప్పు జవాబు కాదు, సగం జవాబు. అమెరికా వైరస్‌లో మార్పులు వచ్చిన మాట నిజం. కాని ఒక ఇంట్లో ఒకటి రెండు కుక్కలు మాత్రమే ఉండి, అవి పొరుగు కుక్కలను అప్పుడప్పుడు మాత్రమే కలిసే చోట ఎంత మారిన వైరస్ అయినా కొద్ది రోజుల్లోనే దారి లేక ఆగిపోతుంది. జబ్బు చేసిన కుక్క కోలుకునేలోగా మరొక కొత్త కుక్క దొరకాలి. దాని తరవాత ఇంకొకటి దొరకాలి. పందెపు ట్రాక్‌లు ఆ సదుపాయం కల్పించాయి: వందల కుక్కలు, పక్కపక్కనే బోనులు, ఆగని రవాణా. ఆ తరవాత పెద్ద నగరాల సంరక్షణ కేంద్రాలు ఆ పని చేశాయి. అక్కడికి రోజూ కొత్త కుక్కలు వస్తుంటాయి, పాతవి పోతుంటాయి.

ఈ వాదనకు తరవాతి చరిత్రే సాక్ష్యం. అమెరికాలో కోట్ల సంఖ్యలో కుక్కలు ఉన్నా హెచ్3ఎన్8 దేశమంతటా నిలవలేదు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, కొలరాడో ప్రాంతాల్లోని పెద్ద సంరక్షణ కేంద్రాలను పట్టుకుని బతికింది. ఈ వైరస్ వ్యాప్తిని అడ్డుకున్నది దాని బలహీనత కన్నా కుక్కల మధ్య కలయికలు ఒకేలా లేకపోవడమేనని 2014లో వెలువడిన అధ్యయనం చూపింది. 2016 తరవాత హెచ్3ఎన్8 అమెరికా కుక్కల్లో కనిపించలేదు. ఒక వైరస్ వంశం మన కళ్ల ముందే అంతరించింది. ఫ్లోరిడా ఓటర్లు 2018లో గ్రేహౌండ్ పందేలను రద్దు చేయాలని తీర్పు చెప్పారు. 2020తో అవి ఆ రాష్ట్రంలో ముగిశాయి. పందేల రద్దుకు ప్రధాన కారణం జంతు హింస మీద వచ్చిన వ్యతిరేకత. వైరస్ అంతకు ముందే పోయింది. ఈ రెండింటినీ కార్యకారణాలుగా కలిపి రాయకండి.

1.7 ఆసియా నుంచి రెండో వైరస్

ఇదే కాలంలో తూర్పు ఆసియాలో మరొక కథ నడిచింది. 2006–07 ప్రాంతంలో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోను, 2007లో దక్షిణ కొరియాలోను జబ్బుపడిన కుక్కల్లో హెచ్3ఎన్2 దొరికింది. దీని ముక్కలన్నీ పక్షుల వైరస్‌వి. పచ్చి కోడిమాంసం, బాతుమాంసం తినడం ద్వారా లేదా సజీవ పక్షుల సంతల దగ్గర అది కుక్కలకు చేరి ఉంటుందని పరిశోధకులు భావించారు. 2012 నాటికి థాయ్‌లాండ్‌లోనూ కనిపించింది. కొరియా, చైనాలలో అప్పట్లో కుక్కలను మాంసం కోసం మందలుగా పెంచే కేంద్రాలు, అమ్మే సంతలు ఉండేవి. అమెరికాలో పందెపు ట్రాక్ చేసిన పనికి అక్కడ కావలసిన వసతి ఇలా ముందే సిద్ధంగా ఉంది.

2015 వసంతంలో ఈ వైరస్ షికాగో నగరంలో తేలింది. వెయ్యికి పైగా కుక్కలు జబ్బుపడ్డాయి. యజమానులు ఊరికి వెళ్తూ కుక్కలను వదిలిపెట్టే వసతి గృహాలను, పగటిపూట చూసుకునే కేంద్రాలను మూసివేయవలసి వచ్చింది. దాని జన్యుక్రమం ఆసియా వైరస్‌లతో సరిపోయింది. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలోని సంరక్షణ కేంద్రంలో పిల్లులకు కూడా సోకింది. 2017లో జార్జియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో శునక ప్రదర్శనల తరవాత మరొక విడత వ్యాపించింది.

సముద్రాలు దాటి వైరస్ ఎలా వచ్చింది? ఇక్కడ చరిత్ర మనకు ఇబ్బందికరమైన జవాబు చెబుతుంది. ఆసియాలోని మాంసపు కుక్కల కేంద్రాల నుంచి కుక్కలను విడిపించి, విమానాల్లో ఉత్తర అమెరికాకు తీసుకువెళ్లి, మంచి ఇళ్లలో దత్తత ఇచ్చే స్వచ్ఛంద కృషి ఈ కాలంలో బాగా పెరిగింది. 2017 తరవాతి విడతల్లో కొన్ని ఇలా తెచ్చిన కుక్కల ద్వారానే వచ్చాయి. మొదటి వైరస్‌కు దారి వేసింది జూదం. రెండో వైరస్‌కు దారి వేసిన వాటిలో దయ కూడా ఉంది. ఉద్దేశం మంచిదా చెడ్డదా అని వైరస్ చూడదు. అందుకని దయ మానుకోవాలని కాదు, దానికి తగిన జాగ్రత్త జత చేయాలి.

అలాంటి జాగ్రత్త ఫలిస్తుందనడానికి కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఉదాహరణ. 2017 చివర ఆసియా నుంచి తెచ్చిన కుక్కలతో అక్కడికి హెచ్3ఎన్2 వచ్చింది. పశువైద్యులు, ఆరోగ్య అధికారులు ప్రతి కేసు వెంట పడి, కలిసిన కుక్కలను పరీక్షించి, సోకిన వాటిని వారాల తరబడి విడిగా ఉంచారు. సుమారు వంద కుక్కలకు సోకాక 2018లో గొలుసు తెగిపోయింది. షికాగోలో జరిగింది ఒంటారియోలో జరగలేదు. రెండు చోట్లా వైరస్ ఒక రకానిదే. తేడా ఉన్నది మనుషులు స్పందించిన తీరులో.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో గొలుసు ఎందుకు సాగలేదు?
2. ఒంటారియోలో తీసుకున్న చర్యలు ఏమిటి?

1.8 మనుషులకు ముప్పు ఉందా?

కుక్కలలో స్థిరపడిన ఈ రెండు వైరస్‌ల వల్ల మనిషికి జబ్బు చేసినట్టు ఇంతవరకు నమోదు కాలేదు. 2022లో చైనాలో మనుషులకు సోకిన హెచ్3ఎన్8 పక్షుల వంశానిది, కుక్కలది కాదు. ఇంటిపేర్ల హెచ్చరిక ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోండి.

అయినా నిర్లక్ష్యం చేయడానికి వీల్లేదు. మనుషుల ఫ్లూ కుక్కలకు పోగలదు. 2009 మహమ్మారి కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పెంపుడు కుక్కకు యజమాని ఇంటి జ్వరమే అంటుకుంది. కొరియాలో కుక్కల వైరస్, మానవ మహమ్మారి వైరస్ ముక్కలు కలిసిన రకం ఒకటి కుక్కలోనే దొరికింది. చైనా కుక్కల హెచ్3ఎన్2 కాలక్రమంలో మానవ కణాలకు అతుక్కునే గుణాన్ని పెంచుకుంటోందని 2023లో ఒక పరిశోధన చూపింది. అమెరికాలో కుక్కలకు హెచ్3ఎన్8 టీకా 2009లో, హెచ్3ఎన్2 టీకా 2015లో అందుబాటులోకి వచ్చాయి.

1.9 మన పరిసరాలు

మన దేశంలోనూ గుర్రాలకు హెచ్3ఎన్8 వచ్చింది. 1987లో ఒకసారి, 2008లో మరొకసారి. 2008 విడత జమ్మూలోని కత్రా దగ్గర, వైష్ణోదేవి యాత్రికులను మోసే గుర్రాలు, కంచర గాడిదల్లో మొదట బయటపడి, అనేక రాష్ట్రాలకు పాకింది. ఇక్కడ కూడా దారి మనుషులదే: యాత్ర, పెళ్లి ఊరేగింపులు, సంతలు.

పక్షుల హెచ్5ఎన్1 మనకు మరింత దగ్గర విషయం. 2004లో థాయ్‌లాండ్‌లో జబ్బుపడిన బాతులను తిన్న కుక్క ఆ వైరస్‌తో చనిపోయింది. అదే ఏడాది అక్కడ ఒక జంతు ప్రదర్శనశాలలో పచ్చి కోడి మాంసం పెట్టిన పులులు పదుల సంఖ్యలో చనిపోయాయి. 2024 చివర నాగపూర్ దగ్గరి గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఆ వైరస్‌కే బలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అది వచ్చినప్పుడు చనిపోయిన కోళ్లను లోతుగా పూడ్చిపెట్టాలని ఎందుకు పట్టుబట్టారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. బయట పారేసిన కోడి వీధికుక్క నోటికి చేరితే ఆ కుక్కకు సోకే ప్రమాదం ఉంది. అది అక్కడితో ఆగుతుందా, సాగుతుందా అన్నది ఆ తరవాత దానికి దొరికే దారిని బట్టి ఉంటుంది.

1.10 సారాంశం

ఒక వైరస్ మరొక జీవజాతికి సోకడం ప్రకృతిలో తరచు జరిగేదే. చాలాసార్లు అది ఒకటి రెండు జంతువులతో ఆగిపోతుంది. అది స్థిరపడి కొత్త వ్యాధిగా మారాలంటే వైరస్‌లో మార్పు ఒక్కటే సరిపోదు, ఒకదాని తరవాత ఒకటిగా కొత్త జంతువులను అందించే ఏర్పాటు కావాలి. హెచ్3ఎన్8కు పందెపు ట్రాక్‌లు, సంరక్షణ కేంద్రాలు, హెచ్3ఎన్2కు సంతలు, పెంపక కేంద్రాలు, విమానాలు ఆ ఏర్పాటు చేశాయి. ఆ ఏర్పాట్లు మనుషులవి కాబట్టి వాటిని మార్చడం కూడా మనుషుల చేతిలో ఉంది. వ్యాధి చరిత్రను వైద్యులకే వదిలేయకుండా మనం చదవడానికి ఇదే కారణం.

1.11 పదకోశం

ఆతిథేయి: వైరస్ లేదా పరాన్నజీవి ఆశ్రయం పొందే జీవి.
ప్రతిరక్షకాలు: సోకిన సూక్ష్మజీవిని ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకునే ప్రోటీన్లు.
రక్తరసి: గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవం.
జన్యుక్రమం: జన్యు పదార్థంలోని మూలకాల వరస.

1.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శునక ఇన్‌ఫ్లూయెంజా స్థిరపడటంలో మానవ సంస్థల పాత్రను ఉదాహరణలతో చర్చించండి.
2. హెచ్3ఎన్8, హెచ్3ఎన్2 శునక వైరస్‌ల చరిత్రను పోల్చండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వ్యాధి చరిత్రకు ఆధారంగా పాత రక్తరసి ప్రయోజనం, పరిమితులు.
2. డిస్టెంపర్ పరిశోధన మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్ ఆవిష్కరణకు ఎలా తోడ్పడింది?

ఇ) మీ ఊళ్లో కుక్కలు, కోళ్లు, గుర్రాలు లేదా పందులు ఒకేచోట కలిసే స్థలాన్ని ఒకదాన్ని చూసి, అక్కడికి జంతువులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో రెండు పేజీలలో రాయండి.